నాగోల్ నుంచి ఆగకుండా

హైదరాబాద్ నాగోల్ మెట్రో స్టేషన్‌లో రైలు నిలబడి ఉంది. మూడు బోగీలు. లోపల ప్రయాణికులు ఒక్కరూ లేరు.

2021 ఫిబ్రవరి 2, మంగళవారం. సాయంత్రపు ఎండ ప్లాట్‌ఫారం మీద ఏటవాలుగా పడుతోంది. పక్కనే మూసీ నది. గాలి అటు నుంచి వీచినప్పుడల్లా దాని వాసన మాస్కులోంచి కూడా తగులుతుంది. కరోనా కాలం కదా, అందరి ముఖాలకీ మాస్కులే. కళ్లు మాత్రమే కనిపిస్తాయి. ఆ కళ్లన్నీ ఒకే వైపు, మెట్ల వైపు.

రైలు కోసం మనుషులు ఎదురుచూడటం రోజూ ఉండేదే. ఆరోజు రైలే ఎదురుచూస్తోంది. ఒక చిన్న పెట్టె కోసం. ఆ పెట్టెలో ఐసు ఉంటుంది. ఐసులో ఒక సంచి, దానిలో ఇంకో సంచి, దానిలోపల ఒక మనిషి గుండె.

పెట్టె ఇంకా రాలేదు.

ఎల్బీనగర్ చౌరస్తా దగ్గర కామినేని ఆసుపత్రి. నల్లగొండ, సూర్యాపేట వైపు నుంచి విజయవాడ హైవే మీద పట్నం వచ్చేవాళ్లకి దారిలోనే తగులుతుంది ఎల్బీనగర్. అంబులెన్సులు కూడా ఆ దారినే వస్తాయి. అలా వచ్చిన ఒక రైతు అక్కడి ఐసీయూలో ఉన్నాడు. నల్లగొండ జిల్లా. వయసు 45. మెదడు పనిచెయ్యడం ఆగిపోయింది. ఇక తిరిగి రాదని డాక్టర్లు తేల్చారు.

తేల్చడం అంటే ఒకరు వచ్చి నాడి చూసి చెప్పడం కాదు. నలుగురు డాక్టర్లు ఉండాలి. కంటిలో వెలుతురు వేసి చూస్తారు, పాప కదలదు. వెంటిలేటర్ కాసేపు పక్కన పెట్టి ఛాతీ వైపే చూస్తూ నిలబడతారు, రక్తంలో బొగ్గుపులుసు వాయువు పెరిగిపోతున్నా ఊపిరి అందుకోవాలన్న ప్రయత్నం ఒక్కటీ కనబడదు. కనీసం ఆరు గంటలు ఆగి, మళ్లీ మొదటి నుంచీ అన్నీ చేస్తారు. రెండోసారీ అదే జవాబు వస్తేనే బ్రెయిన్ డెడ్ అని కాగితం మీద రాస్తారు.

కానీ గుండె మాత్రం కొట్టుకుంటూనే ఉంటుంది. మానిటర్ మీద పచ్చగీత లేస్తూ పడుతూనే ఉంటుంది. చెయ్యి పట్టుకుంటే వెచ్చగా తగులుతుంది. ఐసీయూ బయట ఇలాంటి గడియలో కూర్చున్న ఏ ఇంటివాళ్లయినా అడిగే మాట ఒకటే: "ఒళ్లు వెచ్చగనే ఉన్నది గద సారూ?"

ఆ మాటకి జవాబు చెప్పడం డాక్టరుకి కష్టం. ఆ జవాబు విన్నాక అవయవాలు ఇస్తారా అని అడగడం ఇంకా కష్టం. అడిగారు. ఇంటాయన ఇక లేడన్న సంగతి ఇంకా మనసుకి ఎక్కని వేళ, ఆయనతో వచ్చినవాళ్లు ఊరికి ఏమని ఫోన్ చెయ్యాలో తెలియని వేళ, ఆ రైతు కుటుంబం ముందుకు ఒక సంతకం పెట్టాల్సిన కాగితం వచ్చింది.

వాళ్లు సరేనన్నారు.

అక్కడి నుంచి పని జీవన్‌దాన్‌ది. అవయవాల కోసం ఎదురుచూసేవాళ్ల జాబితా చూసే సర్కారు వ్యవస్థ అది. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో మొదలైంది. పంజాగుట్ట నిమ్స్ నుంచి నడుస్తుంది. రక్తం గ్రూపు కలవాలి, ఒంటి కొలత కలవాలి, వరుసలో ముందుండాలి. అన్నీ కలిసిన పేరు జూబ్లీహిల్స్ అపోలోలో దొరికింది. 44 ఏళ్ల మనిషి. ఇచ్చే ఆయనకీ తీసుకునే ఆయనకీ వయసులో తేడా ఒక్క ఏడాది.

గుండె ఊరు దాటాల్సిన పనిలేదు. ఊళ్లోనే ఈ కొస నుంచి ఆ కొసకి పోతే చాలు. చిక్కంతా అక్కడే వచ్చింది.

శంషాబాద్ విమానాశ్రయం నుంచి బెంగళూరుకి ఆకాశంలో గీత గీస్తే 450 కిలోమీటర్ల పైచిలుకు. విమానం టికెట్ మీద గంటా పావు రాసి ఉంటుంది, గాల్లో ఉండేది అంతకన్నా తక్కువే. ఎల్బీనగర్ నుంచి జూబ్లీహిల్స్‌కి పాతిక కిలోమీటర్లు, అటూ ఇటూగా. పనిరోజు సాయంత్రం ఆ దారిన పోయేవాళ్లని అడగండి. గంట అంటారు. గంటా పావు అంటారు. ఇంకొకరు నవ్వి ఊరుకుంటారు.

పాతిక కిలోమీటర్లకీ గంటే, 450 కిలోమీటర్లకీ గంటే. ఆ రెండు గంటలూ మాత్రం ఒకటి కావు. విమానం ఎప్పుడు దిగుతుందో ముందే చెప్పొచ్చు. రోడ్డు సంగతి ఎవరూ చెప్పలేరు. ఉప్పల్ రింగురోడ్డు దగ్గర వరంగల్ హైవే నడిమధ్య అప్పటికి పూర్తికాని ఫ్లైఓవర్ స్తంభాలు, వాటికి రెండు వైపులా నలిగిపోయే బస్సులు. రామంతాపూర్ మీదుగా దిగితే అంబర్‌పేట్. అక్కడ ఛే నంబర్ చౌరస్తాలో నాలుగు దిక్కుల నుంచీ వచ్చే బండ్లు ఒక ఇరుకులో పడేవి. అక్కడి ఫ్లైఓవర్‌కి 2018లోనే శంకుస్థాపన చేశారు. దాని మీద బండ్లు నడిచింది 2025లో. అది దాటితే గోల్నాక, కాచిగూడ, నారాయణగూడ. ప్రతి సిగ్నల్ దగ్గరా ఒక జూదమే. పోలీసులు దారి ఖాళీ చేయించగలరు, ఎన్నోసార్లు చేయించారు కూడా. కానీ ఒక్క చోట ఒక్క లారీ అడ్డంగా ఆగిపోతే?

గుండె సర్జన్‌కి వేగం కావాలి. అంతకన్నా ముందు ఖచ్చితమైన టైమ్ కావాలి. ఎందుకంటే ఇక్కడ రెండు ఆపరేషన్ థియేటర్లు ఒకే గడియారం మీద నడవాలి. ఎల్బీనగర్‌లో ఛాతీ తెరిచి గుండె బాగుందని చూసుకోగానే జూబ్లీహిల్స్‌కి కబురు వెళుతుంది. అక్కడి మనిషికి మత్తు ఇస్తారు. ఇక్కడ గుండె బయల్దేరగానే ఇంకో కబురు. అక్కడ ఛాతీ తెరుస్తారు. హార్ట్ లంగ్ మెషీన్ గొట్టాలు కలుపుతారు. పాత గుండెని తీసేయడానికి సిద్ధంగా ఉంటారు. మరీ ముందే తీసేస్తే మనిషి మెషీన్ మీద ఊరికే పడి ఉండాలి. ఆలస్యంగా మొదలుపెడితే వచ్చిన గుండె ఐసులో నలిగిపోవాలి.

రోడ్డు కాదు. మరి ఏది?

మ్యాప్ చూస్తే జవాబు తల పైనే కనిపించింది, మెట్రో. అయితే ఎల్బీనగర్ స్టేషన్ నుంచి కాదు. ఎల్బీనగర్ నుంచి పోయేది మియాపూర్ రైలు, రెడ్ లైన్. దాంట్లో ఎక్కితే అమీర్‌పేటలో దిగి మారాలి. కొంచెం ఇటు, నాగోల్‌కి వస్తే బ్లూ లైన్. ఉప్పల్, సికింద్రాబాద్, బేగంపేట మీదుగా నేరుగా జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్. చెక్‌పోస్ట్ నుంచి అపోలోకి అంబులెన్సులో చిటికెలో పోవచ్చు. 21 కిలోమీటర్ల పట్టా. సిగ్నల్ లైట్లు లేవు, ఆటోలు లేవు, అడ్డొచ్చే లారీ లేదు. మధ్యలో పదహారు స్టేషన్లు. వాటిలో ఒక్కదానిలోనూ ఆగకపోతే అరగంట.

హైదరాబాద్ మెట్రో అప్పటికి మూడేళ్లు దాటి నడుస్తోంది. మనుషుల్ని మోసింది. గుండెను ఎప్పుడూ మోయలేదు.

కామినేని ఆపరేషన్ థియేటర్‌లో చలి. అపోలో నుంచి వచ్చిన బృందం బల్ల చుట్టూ నిలబడింది. ఈ మార్పిడి బాధ్యత డాక్టర్ ఆళ్ల గోపాలకృష్ణ గోఖలేది. 2016లో పద్మశ్రీ అందుకున్న సర్జన్. గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో పేదవాళ్లకి గుండె ఆపరేషన్లు చేసి పెట్టిన చెయ్యి అది.

తెరిచిన ఛాతీలో గుండె ఎగిసిపడుతుంటుంది. పిడికిలి కన్నా కాస్త పెద్దది. పొలం దున్నిన మనిషి గుండె. మహాధమని మీద క్లాంప్ పడుతుంది. టక్. ఆ చప్పుడుతో గడియారం మొదలు. పొటాషియం కలిపిన చల్లటి ద్రావణం గుండె నాళాల్లోకి దిగుతుంది, కొట్టుకోవడం నెమ్మదిస్తుంది, ఒకసారి వణుకుతుంది, తర్వాత సద్దుమణిగిపోతుంది. 45 ఏళ్లుగా ఒక్క క్షణం కూడా నిలబడనిది నిలబడిపోతుంది. రక్తనాళాలు ఒక్కొక్కటీ కోసి బయటకు తీస్తారు. చల్లటి ద్రావణంలో ముంచి సంచిలో కడతారు. దాని మీద ఇంకో సంచి. ఐసు. మూత.

ఇప్పటి నుంచి నాలుగు గంటలు. డాక్టర్లు మనసులో పెట్టుకునే గీత అది. ఆ తర్వాత ప్రతి నిమిషమూ కండరం నుంచి కొంత కోసుకుపోతుంది. నాలుగు గంటల్లో కుట్టడానికి గంట తీసేయాలి. తీసుకునే మనిషి ఛాతీలో పాత కుట్లో, అతుకులో ఉంటే ఇంకో గంట. కిడ్నీ అయితే ఒక రోజు ఓపిక పడుతుంది. లివర్ సగం రోజు ఆగుతుంది. గుండెకే ఓపిక లేదు.

పెట్టె కదిలింది. అంబులెన్స్ తలుపు పడింది. సైరన్.

ఇన్నర్ రింగురోడ్డు మీద నాగోల్ వరకు కొద్ది కిలోమీటర్లు. రోజూ ఆ దారిలో కూరగాయల బండ్లు, సెవెన్ సీటర్లు, యూటర్న్ కోసం వంకరగా నిలబడ్డ బైకులు. అంబులెన్స్ స్టేషన్ కింద ఆగింది. ఆకుపచ్చ గౌనుల్లో మనుషులు దిగారు. నడవలేదు, పరిగెత్తలేదు, ఆ రెంటికీ మధ్యలో ఒక నడక ఉంటుంది, నిండు బిందె నెత్తిన పెట్టుకుని ఇంటికి తొందరగా పోయే ఆడవాళ్ల నడక, అలా ఆ పెట్టెని పట్టుకుని పైకి, ప్లాట్‌ఫారం మీదికి, తెరిచిన తలుపులోంచి ఖాళీ బోగీలోకి.

తలుపులు మూసుకున్నాయి.

రైలు కదిలింది. ఎడమా కుడీ ఉప్పల్ మేడలు, నీళ్ల ట్యాంకులు, ఆరేసిన బట్టలు. ఉప్పల్ స్టేషన్ వచ్చింది. ప్లాట్‌ఫారం మీద పసుపు గీత వెనక నిలబడ్డవాళ్లు అలవాటుగా బ్యాగులు భుజానికెత్తుకుని ఒక అడుగు ముందుకు వేసే వేళ. రైలు ఆగలేదు.

అదే ఉప్పల్‌లో, డిపో లోపల, ఈ రైలునే చూస్తున్న గది ఒకటుంది. ఆపరేషన్ కంట్రోల్ సెంటర్. గోడ నిండా తెర. తెర మీద గీతలు, గీతల మీద కదిలే చుక్కలు. ఒక్కో చుక్క ఒక్కో రైలు. ఆగకుండా పోవడం అంటే డ్రైవరు బ్రేకు వేయకపోవడం ఒక్కటే కాదు. పట్టా ఒకటే, ముందు పోయే రైలుని దాటి పోవడానికి పక్కన ఇంకో పట్టా లేదు. ముందున్న చుక్క ప్రతి స్టేషన్‌లో ఆగుతుంది, తలుపులు తెరుస్తుంది, మనుషుల్ని దించుతుంది. వెనకున్న చుక్క ఆగదు. రెంటి మధ్యా దూరం తరిగిపోతూ ఉంటుంది. తగినంత ఖాళీ ముందే చేసి పెట్టకపోతే, వ్యవస్థ తనంతట తానే వెనక రైలుని ఆపేస్తుంది. అలా ఆగిపోకుండా చూడాలి, అదే ఆ గది పని.

స్టేడియం. క్రికెట్ ఉంటే తప్ప కిక్కిరిసిపోని స్టేషన్. దాటింది. ఎన్‌జీఆర్‌ఐ దగ్గర ఒక్కసారి పచ్చదనం, చెట్ల చల్లదనం. హబ్సిగూడ. కుడివైపు కిందికి దిగే రోడ్డు నాచారం ఫ్యాక్టరీలకి పోతుంది. షిఫ్టు దిగేవాళ్ల బైకులు ఆ మలుపులో చీమల బారులా. దాటింది. తార్నాక. దాటింది. మెట్టుగూడ, సికింద్రాబాద్ ఈస్ట్, కింద భారతీయ రైల్వే పట్టాలు, నూరేళ్లు దాటిన స్టేషన్ హడావుడి, పైన ఏ చప్పుడూ లేకుండా మూడు బోగీలు.

బోగీలో ఎవరూ కూర్చునే మూడ్‌లో ఉండరు అలాంటప్పుడు. పెట్టె ఒరగకుండా చూడాలి. వంపుల దగ్గర రైలు వేగం తగ్గిస్తుంది. తగ్గినప్పుడల్లా చూపు వాచీ మీదికి పోతుంది.

ప్యారడైజ్ దాటగానే, రసూల్‌పురా నుంచి బేగంపేట దాకా, మెట్రో దారికి దగ్గరలోనే ఇంకో దారి చదునుగా పడుకుని ఉంది. పాత విమానాశ్రయం రన్‌వే. 2008 మార్చిలో శంషాబాద్ తెరుచుకున్నాక ఇక్కడ మామూలు ప్రయాణికుల విమానాలు ఆగిపోయాయి. బేగంపేట నుంచి శంషాబాద్‌కి గాలిలో కొలిస్తే దాదాపు 24 కిలోమీటర్లు. ఈ గుండె ఈ సాయంత్రం పోవాల్సిన దూరమూ ఇంచుమించు అంతే.

ఈ పెట్టె ప్రయాణం వెనక ఒక చరిత్ర ఉంది. గుండె మార్పిడిలో మొదటి తేదీ 1967 డిసెంబర్ 3. దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్, డాక్టర్ క్రిస్టియాన్ బర్నార్డ్. మన దేశంలో అది ఫలించడానికి 27 ఏళ్లు పట్టింది. గుండె కొట్టుకుంటూ ఉన్న మనిషిని చనిపోయినట్టు ఒప్పుకోవడానికి చట్టం లేకపోవడం పెద్ద అడ్డంకి. 1994 జులైలో అవయవ మార్పిడి చట్టం వచ్చింది. నెల తిరక్కముందే, ఆగస్టు 3న, ఢిల్లీ ఎయిమ్స్‌లో దేశంలో విజయవంతమైన మొదటి గుండె మార్పిడి జరిగింది. చేసినాయన పనంగిపల్లి వేణుగోపాల్. పుట్టింది రాజమండ్రిలో. ఈ దేశంలో మార్పిడి ఫలించిన మొదటి గుండెను కుట్టింది ఒక తెలుగువాడి చెయ్యి. ఆ సంగతి మన పిల్లల పాఠంలో ఉండాల్సింది.

అమీర్‌పేట వచ్చేసింది. రెండు లైన్లు కలిసేచోటు. జనం కిక్కిరిసే స్టేషన్.

ఆగలేదు.

మధురానగర్ మలుపు. యూసుఫ్‌గూడ. పడమటి ఎండ అద్దాల్లోంచి నేరుగా లోపలికి. రోడ్ నంబర్ 5. రైలు వేగం తగ్గింది. ఈసారి తగ్గుతూనే ఉంది. ఆగింది.

జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్. నాగోల్ నుంచి 21 కిలోమీటర్లు. అరగంట కూడా పట్టలేదు. సగటున గంటకి నలభై కిలోమీటర్ల పైనే పోయింది ఆ రైలు. హైవే మీద పోయేవాళ్లకి అదొక వేగంగా కనిపించదు. ఆ సాయంత్రం, ఆ ఊళ్లో, నేల మీద దాన్ని ఇంకెవరూ అందుకోలేరు. దానికన్నా పెద్ద సంగతి, ఎప్పుడు చేరుతుందో బయల్దేరకముందే తెలుసు.

కింద ఇంకో అంబులెన్స్ తలుపులు తెరిచి ఉంది. చెక్‌పోస్ట్ చౌరస్తాలో పోలీసులు బండ్లు ఆపారు. పెట్టె దిగింది. ఎక్కింది. సైరన్ అపోలో వైపు పోయి సన్నబడి వినబడకుండా పోయింది.

అక్కడ బల్ల మీద 44 ఏళ్ల మనిషి. రక్తం మెషీన్‌లో తిరుగుతోంది. మూత తీశారు. గుండె బయటికి వచ్చింది. పాలిపోయి, చల్లగా, మెత్తగా. మొదట ఎడమ కర్ణిక. తర్వాత సిరలు, ధమనులు. ఒక్కో కుట్టూ దారం లాగి బిగించి చూసుకుంటూ పోవాలి. చివరికి మహాధమని మీది క్లాంప్ తీస్తారు. వెచ్చటి రక్తం చల్లటి కండరంలోకి దిగుతుంది. పాలిపోయింది ఎర్రబారుతుంది. కొన్ని క్షణాలు ఏమీ జరగదు. థియేటర్‌లో ఎవరూ మాట్లాడరు. తర్వాత చేప నీళ్లలో తోక ఆడించినట్టు ఒక చిన్న కదలిక. ఇంకొకటి. ఒక్కోసారి అదే అందుకుంటుంది, ఒక్కోసారి కరెంటు చురక తగిలించాలి. అందుకున్నాక మాత్రం ఎవరూ చెప్పకుండానే పోతూ ఉంటుంది.

నల్లగొండ రైతు గుండె ఇంకో మనిషి ఛాతీలో అమరింది.

నాలుగేళ్లు గడిచాయి. 2025 జనవరి 17, రాత్రి తొమ్మిదిన్నర. మళ్లీ అదే కామినేని ఆసుపత్రి, మళ్లీ ఇంకో గుండె, ఇంకో పెట్టె. ఈసారి పోవాల్సింది లక్డీకాపూల్ గ్లెనీగల్స్ గ్లోబల్‌కి. లైన్ కూడా ఈసారి రెడ్డే. ఎల్బీనగర్‌లో ఎక్కించారు. దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట, ఎంజీబీఎస్, నాంపల్లి. 13 స్టేషన్లు. 13 కిలోమీటర్లు. 13 నిమిషాలు.

మధ్యలో ఉన్న దూరాన్ని రైలు దాటిస్తుంది, విమానం దాటిస్తుంది. మొదటి అడుగు మాత్రం ఐసీయూ బయట కుర్చీలో కూర్చున్న ఇంటివాళ్లే వేయాలి. చట్టం ప్రకారం వాళ్ల సంతకం లేకుండా ఎవరి గుండే కదలదు. మీరు జీవన్‌దాన్‌లో పేరు రాయించుకున్నా, ఆ గడియలో మీ మాట చెప్పాల్సింది వాళ్లే. మీ మనసులో ఏముందో ఈ రాత్రి అన్నం దగ్గర మీవాళ్లకి ఒక్క మాట చెప్పి ఉంచండి.